ఇంగ్లిష్ మాటల్లోనూ సంధులున్నాయి

పోటీ పరీక్షకు చదువుతున్న రోజుల్లో నా దగ్గర ఒక జిరాక్స్ కాగితాల కట్ట ఉండేది. పైన 'రూట్ వర్డ్స్' అని రాసి, కింద వరసగా ముక్కలు: బెనె అంటే మంచి, మాల్ అంటే చెడు, క్రోనో అంటే కాలం, పెడ్ అంటే పాదం. అన్నీ ఎక్కాల్లా వల్లెవేశాను. పరీక్షలో 'పెడగాగ్' అన్న మాటకు అర్థం అడిగారు. పాదమే కదా, ఇంకేముంది అనుకుని 'కాలినడకన తిరిగేవాడు' అన్న జవాబు పెట్టి వచ్చాను. ఆ మాటకు అర్థం పంతులు.

పెడెస్ట్రియన్‌లోనూ సైకిల్ పెడల్‌లోనూ ఉన్న పెడ్ లాటిన్‌ది. దానికి పాదం అనే అర్థం. పెడగాగ్‌లో ఉన్నది గ్రీకు ముక్క. అది 'పైస్' అనే మాట నుంచి వచ్చింది, పైస్ అంటే పిల్లవాడు. ప్రాచీన గ్రీసులో పిల్లవాణ్ణి బడికి వెంటబెట్టుకుని వెళ్లే బానిసను పైడగోగోస్ అనేవారు. ఆ తోడు వెళ్లేవాడే రానురాను పాఠం చెప్పేవాడయ్యాడు. పిల్లల డాక్టర్‌ని పీడియాట్రీషియన్ అంటాం చూడండి, అందులో ఉన్నదీ ఈ పిల్లవాడే. బ్రిటిష్ స్పెల్లింగ్‌లో అక్కడ 'ఎ', 'ఇ' రెండు అక్షరాలూ రాస్తారు కాబట్టి పాదానికీ పిల్లవాడికీ తేడా కంటికి కనిపిస్తుంది. అమెరికా వాళ్లు ఆ 'ఎ' ఎత్తేసి నాలాంటివాళ్లకు గొయ్యి తవ్వారు. ఎముకల డాక్టర్ బోర్డు మీద ఉండే ఆర్థోపెడిక్‌లో కూడా పాదం లేదు. నికొలా ఆంద్రీ అనే ఫ్రెంచి వైద్యుడు పిల్లల ఒంటి వంకరలు సరిచేయడం గురించి 1741లో పుస్తకం వేస్తూ, 'తిన్నని' అనే గ్రీకు మాటకు 'పిల్లవాడు' అనే గ్రీకు మాట కలిపి ఈ పేరు పెట్టాడు. ఇప్పుడు తొంభై ఏళ్ల తాతగారి మోకాలికీ అదే బోర్డు.

నా కాగితాల కట్టలో ఉన్నది తప్పు కాదు, సగం. ఏ ముక్క ఏ భాషది, ఏ దారిన వచ్చింది, పక్క అక్షరం తగిలితే రూపం ఎలా మారుతుంది అన్నవి అందులో లేవు. అంతకంటే పెద్ద కోపం ఇంకొకటి ఉంది నాకు. ధాతువు, ఉపసర్గ, సంధి, తత్సమం, తద్భవం. ఇవన్నీ తెలుగు క్లాసులో మార్కుల కోసం చదివినవే. ఇంగ్లిష్‌లోని పెద్ద మాటలు ఎలా కట్టారో చెప్పడానికి ఈ ఐదూ చాలు. ఆ సంగతి తెలుగు మాస్టారూ చెప్పలేదు, ఇంగ్లిష్ మాస్టారూ చెప్పలేదు.

ధాతువును లాక్కుపోయే ఉపసర్గ

'హృ' అనే సంస్కృత ధాతువు ఉంది. తీసుకుపోవడం దాని అర్థం. దానికి ముందు ఒక్కో ఉపసర్గ తగిలిస్తే ఆహారం, విహారం, ప్రహారం, సంహారం, పరిహారం వచ్చాయి. ఒకటి తిండి, ఒకటి షికారు, ఒకటి దెబ్బ, ఒకటి చావు, ఒకటి నష్టానికి చెల్లింపు. ఉపసర్గ ధాతువు అర్థాన్ని బలవంతంగా వేరే చోటికి ఈడ్చుకుపోతుందని పాత వ్యాకర్తలు చెప్పింది సరిగ్గా ఈ ఐదు మాటలు చూపించే.

లాటిన్‌లో విసరడానికి ఒక ధాతువు ఉంది. ఇంగ్లిష్‌లోకి అది 'జెక్ట్' అనే రూపంలో వచ్చింది. 'ఇన్' అంటే లోపలికి, కాబట్టి ఇంజెక్షన్ మందును ఒంట్లోకి విసురుతుంది. 'రీ' అంటే వెనక్కి, రిజెక్ట్ చేస్తే ఇచ్చినదాన్ని మొహం మీదికి వెనక్కి కొట్టినట్టు. 'ఎ' అంటే బయటికి, యుద్ధవిమానం కూలబోతుంటే పైలట్ ఎజెక్ట్ అవుతాడు. 'ప్రో' అంటే ముందుకు, ప్రొజెక్టర్ బొమ్మను ముందున్న తెర మీదికి విసురుతుంది.

ఇంతవరకూ నల్లేరు మీద నడకే. మరి ప్రాజెక్ట్ సంగతి? అది ముందుకు విసిరిన ఆలోచన, ఇంకా మొదలుపెట్టని పనిని ముందే మనసులో గీసుకోవడం. 'సబ్' అంటే కింద. సబ్జెక్ట్ అంటే కింద పడవేసినది: రాజు చెప్పుచేతల్లో ఉన్న ప్రజ ఒక సబ్జెక్ట్, చర్చ కోసం ముందు పరిచి పెట్టిన విషయం ఇంకో సబ్జెక్ట్. 'ఆబ్' అంటే ఎదురుగా. కంటికి ఎదురుపడ్డది ఆబ్జెక్ట్, అంటే వస్తువు. వాదనకు ఎదురుపడ్డది ఆబ్జెక్షన్, సినిమా లాయర్లందరి ఊతపదం.

ఇక్కడే రూట్ లిస్టుల వాళ్లతో నాకు పేచీ. ముక్కలు తెలిస్తే తెలియని మాటకు కూడా అర్థం చెప్పేయొచ్చని ఆశ పెడతారు. ఆహారం అన్న మాట ఎన్నడూ వినని మనిషికి 'ఆ' ఇచ్చి, 'హృ' ఇచ్చి, అర్థం చెప్పమనండి. జన్మలో తిండి అని చెప్పలేడు. కానీ అర్థం ఒకసారి తెలిశాక, ఆ ముక్కలు చూపిస్తే మరిచిపోడు. ధాతువు చేసే మేలు ఊహించడంలో కొద్దిగా, గుర్తుపెట్టుకోవడంలో బోలెడంత.

అకామడేట్‌లో రెండేసి ఎందుకు

ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో జనం ఎక్కువగా తడబడే మాటల్లో అకామడేట్ ఒకటి. 'సి' ఒకటా రెండా, 'ఎమ్' ఒకటా రెండా అని ప్రతిసారీ టెన్షన్. రెండూ రెండేసి. ఎందుకో సంధి విడదీస్తే తెలుస్తుంది. 'యాడ్' అనే ఉపసర్గ (వైపుకు అని అర్థం), 'కామ్' అనే ఉపసర్గ (కలిపి అని అర్థం), 'మోడ్' అనే మూలం (కొలత అని అర్థం). యాడ్‌లోని 'డి' పక్కనున్న 'సి'ని చూసి తానూ 'సి' అయిపోయింది. అందుకే రెండు సి లు. కామ్‌లో చివరి 'ఎమ్', మోడ్‌లో మొదటి 'ఎమ్' కలిశాయి. అందుకే రెండు ఎమ్ లు.

ఇది మనకు కొత్తదా? సత్ పక్కన జన వస్తే సజ్జన. ఉత్ పక్కన చారణ వస్తే ఉచ్చారణ, లాస వస్తే ఉల్లాస. జగత్ పక్కన నాథ వస్తే జగన్నాథ. శ్చుత్వ సంధి, అనునాసిక సంధి అని పేర్లు పెట్టి మరీ చదివాం. నోటికి సులువుగా ఉండేందుకు ముందు హల్లు వెనకాల వచ్చే హల్లు వేషం వేసుకుంటుంది. లాటిన్ మాట్లాడినవాళ్ల నోరూ మన నోరులాంటిదే కదా.

ఒకసారి ఈ కిటుకు పట్టుబడితే డిక్షనరీలో సగం జంటాక్షరాల గుట్టు విడిపోతుంది. యాడ్ అనేది అఫెక్ట్‌లో 'ఎఫ్' అయింది, అగ్రెసివ్‌లో 'జి' అయింది, అపియర్‌లో 'పి', అసిస్ట్‌లో 'ఎస్', అట్రాక్ట్‌లో 'టి' అయింది. అన్నిచోట్లా జంట అక్షరమే. సబ్ అనేది సక్సీడ్‌లో, సఫర్‌లో, సజెస్ట్‌లో, సపోర్ట్‌లో దాక్కుని ఉంది. ఆబ్ అనేది అకర్‌లో, ఆఫర్‌లో, అపోజ్‌లో ఉంది. 'కాదు' అని చెప్పే ఇన్ అనేది ఇల్లీగల్‌లో 'ఎల్' అయింది, ఇర్రెగ్యులర్‌లో 'ఆర్' అయింది. ఇంపాసిబుల్‌లో మాత్రం 'ఎమ్' అయింది. పెదవులతో పలికే 'ప' ముందు పెదవులతోనే పలికే 'మ' రావడం సహజం. సంపూర్ణం అన్నప్పుడు సున్నాను మనం మకారంగా పలకడం కూడా అందుకే. గ్రీకులో 'సిన్' అంటే కలిసి. అది సింపథీలో సిమ్ అయింది, సిలబుల్‌లో సిల్ అయింది, సిస్టమ్‌లో 'న్' జారిపోయి ఉత్త సి మిగిలింది.

సంధి జరగనిచోట జంట రాదు, ఈ సంగతి కూడా అంతే పనికొస్తుంది. రికమెండ్‌లో రెండు సి లు రాసేవాళ్లు చాలామంది. ముందున్నది 'రీ', అది అచ్చుతో ముగుస్తుంది, మారడానికి అక్కడ హల్లే లేదు. కాబట్టి సి ఒక్కటే. ప్రొఫెసర్‌లో 'ప్రో' కూడా అలాంటిదే, 'ఎఫ్' ఒక్కటే. డిసపాయింట్ అంటే డిస్ పక్కన అపాయింట్, కాబట్టి 'ఎస్' ఒకటి, 'పి' రెండు. డిస్‌శాటిస్ఫైడ్ అంటే డిస్ పక్కన శాటిస్ఫైడ్, కాబట్టి 'ఎస్' రెండు. నా మట్టుకు నాకు, రూట్ వర్డ్స్ నేర్చుకుని పొందిన లాభాల్లో వెంటనే చేతికి అందింది ఇదే.

కన్ను, నేత్రం, ఆఫ్తాల్మాలజీ

అసలు ఇంగ్లిష్‌లోకి ఇన్ని పరాయి మాటలు ఎలా వచ్చాయి? మూడు అలలుగా అనుకుంటే స్థూలంగా సరిపోతుంది. క్రీ.శ. 597లో రోమ్ నుంచి క్రైస్తవ ప్రచారకులు వచ్చారు, చర్చికి సంబంధించిన లాటిన్ మాటలు కొన్ని వెంట తెచ్చారు. 1066లో ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి విలియం దండెత్తి వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచాడు. తర్వాత రెండు మూడు వందల ఏళ్లు కోర్టుల్లో, కొలువుల్లో ఫ్రెంచిదే పెత్తనం. ఫ్రెంచి అంటే లాటిన్ కూతురే కాబట్టి అప్పుడు వచ్చినవి లాటిన్ తద్భవాలు. 16, 17 శతాబ్దాల్లో పండితులు నేరుగా లాటిన్, గ్రీకు పుస్తకాల్లోంచి మాటలు దించారు. అవి తత్సమాలు.

అందుకే ఒకే లాటిన్ మాట ఇంగ్లిష్‌లో రెండు వేషాల్లో తిరుగుతుంటుంది. సెక్యూర్ తత్సమం, ష్యూర్ దాని తద్భవం. ఫ్రాజైల్ తత్సమం, ఫ్రెయిల్ తద్భవం. రీగల్, రాయల్ కూడా అంతే. సముద్రం, సంద్రం పక్కపక్కన పెట్టి చూసినట్టే. ఇంగ్లిష్‌లో కూడా తద్భవం నోట్లో నాని అరిగిపోయి ఉంటుంది, తత్సమం ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉంటుంది.

ఇక ఏ మాట ఇంట్లోది, ఏ మాట బయటిది అనే అరల సంగతి. కన్ను అని రోజూ అంటాం, కానీ దానం చేసేటప్పుడు అది నేత్రదానం అవుతుంది. పన్ను నొప్పి పెడితే దంతవైద్యుడి దగ్గరికి వెళ్తాం. ఇంగ్లిష్ వాడికి కూడా ఇంట్లో ఐ, టూత్, మూన్. బయటికి వస్తే లాటిన్‌లో ఆక్యులర్, డెంటల్, లూనార్. ఆస్పత్రి బోర్డు మీద అయితే ఇంకో మెట్టు ఎక్కి గ్రీకులో ఆఫ్తాల్మాలజీ. ఆస్క్ అన్నది పాత ఇంగ్లిష్, క్వశ్చన్ అన్నది ఫ్రెంచి దారిన వచ్చింది, ఇంటరాగేట్ అన్నది నేరుగా లాటిన్. స్నేహితుణ్ణి ఆస్క్ చేస్తాం, నాయకుణ్ణి క్వశ్చన్ చేస్తాం, దొంగను పోలీసులు ఇంటరాగేట్ చేస్తారు. డిక్షనరీ తెరిచి లెక్కపెడితే సగానికి పైగా లాటిన్, ఫ్రెంచి మాటలే. అదే రోజూ ఎక్కువగా వాడే వంద మాటలు తీస్తే దాదాపు అన్నీ సొంత ఇంగ్లిష్‌వే. తెలుగు నిఘంటువుకూ తెలుగు నోటికీ ఉన్న తేడా లాంటిదే ఇదీ.

ఈ వరద చూసి కడుపు మండినవాళ్లు ఇంగ్లండ్‌లోనూ ఉన్నారు. సర్ జాన్ చీక్ అనే కేంబ్రిడ్జి పండితుడు, తాను గ్రీకు ప్రొఫెసర్ అయి ఉండి కూడా, మన భాష కల్తీ లేకుండా స్వచ్ఛంగా ఉండాలని 1557లో ఒక ఉత్తరంలో రాశాడు. మత్తయి సువార్తను ఇంగ్లిష్‌లోకి తెస్తూ, వంద మంది సైనికుల నాయకుడైన సెంచూరియన్‌ను 'హండ్రెడర్' అన్నాడు, లూనాటిక్‌ను 'మూన్డ్' అన్నాడు, రెసరెక్షన్‌కు 'గెయిన్‌రైజింగ్' అని కొత్త మాట కట్టాడు. ఒక్కటీ నిలవలేదు. ఇంచుమించు ఆ కాలంలోనే మన కవులూ సంస్కృతం తగలకుండా అచ్చతెలుగులో కావ్యం రాయడానికి నడుం కట్టారు. వాటి గతీ అదే: మెచ్చుకున్నవాళ్లే ఎక్కువ, వాడినవాళ్లు తక్కువ. 1604లో రాబర్ట్ కాడ్రీ ఇంగ్లిష్ మాటలకు ఇంగ్లిష్‌లోనే అర్థాలు చెప్పే మొదటి నిఘంటువు అచ్చు వేశాడు. అందులో సుమారు 2,500 మాటలు. ఎక్కువ భాగం ఈ కొత్తగా దిగిన 'కష్టమైన' మాటలే. సొంత భాష నిఘంటువు సొంత భాష తెలియడం కోసం కాక, అందులో చేరిన పరాయి మాటల కోసం పుట్టిందన్నమాట.

పండితుల అత్యుత్సాహం స్పెల్లింగ్‌నూ వదల్లేదు. డెట్ అనే మాట ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అందులో 'బి' లేదు. దాని లాటిన్ తాతగారు డెబిటుమ్ అని గుర్తుచేయడానికి మధ్యలో బి ఇరికించారు. డౌట్‌లో బి కూడా అలా వచ్చిందే. ఎవరూ పలకరు, అందరూ రాయాలి. ఐలండ్ కథ మరీ ఘోరం. అది అచ్చమైన పాత ఇంగ్లిష్ మాట, లాటిన్‌తో చుట్టరికమే లేదు. అయినా లాటిన్ 'ఇన్సులా'కు సంబంధించిందేమోనన్న భ్రమలో 'ఎస్' తగిలించారు. నాలుగొందల ఏళ్లుగా పిల్లలు ఆ తప్పును ఒప్పుగా బట్టీపడుతున్నారు.

చుట్టరికం ఎంత, ఎక్కడిదాకా

1786లో విలియం జోన్స్ అనే ఇంగ్లిష్ జడ్జి కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ సభ్యుల ముందు మాట్లాడుతూ, సంస్కృతం, గ్రీకు, లాటిన్ మూడింటి ధాతువుల్లో, వ్యాకరణంలో కనిపించే పోలిక కాకతాళీయం కాదని, ఇప్పుడు కనుమరుగైన ఏదో ఒకే భాష నుంచి ఇవి పుట్టి ఉండాలని అన్నాడు. తర్వాతి తరాల పరిశోధన దాన్ని గట్టిపరిచింది. కాబట్టి నేను ఇందాకటినుంచి చూపిస్తున్న పోలికల్లో కొన్ని ఉత్త పోలికలు కావు, రక్తసంబంధాలు.

'కాదు' అని చెప్పే గ్రీకు ఉపసర్గ చూడండి. హల్లు ముందు 'అ', అచ్చు ముందు 'అన్'. అటామ్ అంటే కోయరానిది, అందులో అ. అనార్కీ, అనానిమస్, అనీమియా అన్నిట్లో అన్. మన దగ్గర? అధర్మం, అజ్ఞానం, అచ్చు వస్తే అనంతం, అనుచితం, అనారోగ్యం. సూత్రం కూడా మారలేదు. పరి అన్నదే గ్రీకులో పెరి: పరిధి, పెరిమీటర్. దుస్ అన్నదే గ్రీకులో డిస్ (డిసపాయింట్‌లోని లాటిన్ డిస్ వేరు): మనకు దుస్థితి, వాళ్లకు డిసెంట్రీ. ప్ర అన్నదే ప్రో: ప్రగతి, ప్రోగ్రెస్. ఉప అన్నదే గ్రీకులో హైపో, లాటిన్‌లో సబ్, కాబట్టి సబ్ ఎడిటర్‌ను ఉపసంపాదకుడు అనడంలో ఉపసర్గకు అనువాదమే జరగలేదు. ఉపరి అన్నదే గ్రీకులో హైపర్, లాటిన్‌లో సూపర్. ఆ సూపర్ ఫ్రెంచి నోట్లో పడి 'సర్' అయింది, అలా వచ్చిందే సర్ఫేస్. మనం దాన్ని ఉపరితలం అంటాం. థైరాయిడ్ రిపోర్టులో హైపో ఏది, హైపర్ ఏది అని తికమకపడేవాళ్లు ఉప, ఉపరి గుర్తుపెట్టుకుంటే చాలు. ఉప అంటే కింద, ఉపరి అంటే పైన.

అంతర్ అన్నదే ఇంటర్. జాతి, నేషన్ రెండూ పుట్టుక అనే ఒకే ధాతువు నుంచి వచ్చినవి. అంతర్జాతీయం అనేది ఇంటర్‌నేషనల్ చూసి ఈమధ్య కట్టుకున్న మాటే, అయినా వేల ఏళ్ల కిందట విడిపోయిన అన్నదమ్ములు మళ్లీ ఎదురుపడ్డట్టు ఉంటుంది. పాత సైన్స్ పుస్తకాల్లో హైడ్రోజన్‌కు ఉదజని అని రాసేవారు. హైడ్రో, ఉద రెండూ నీళ్లే, చుట్టాలే. జెన్, జని రెండూ పుట్టించడమే, అవీ చుట్టాలే.

నాకు అన్నిటికంటే ఇష్టమైన జంట శ్రద్ధ, క్రెడిట్. శ్రత్ అంటే గుండె, ధా అంటే ఉంచడం. గుండె ఉంచడమే శ్రద్ధ. నమ్ముతున్నాను అనడానికి లాటిన్‌లో క్రేడో అంటారు, అదీ ఆ రెండు ముక్కలతో కట్టిందే. 'మనసు పెట్టి చెయ్యి' అని మనం అనేది అక్షరాలా శ్రద్ధే. క్రెడిట్ కార్డ్ ఇచ్చే బ్యాంకు మన మీద శ్రద్ధ పెట్టిందన్న మాట ఒక విధంగా నిజమే, వాయిదా తప్పితే ఆ శ్రద్ధ ఎంతో తెలుస్తుంది.

మరి సొంత ఇంగ్లిష్ మాటలు? అవీ ఆ కుటుంబంలోవే, కాకపోతే హల్లులు మారాయి. పాదం, పెడ్, ఫుట్. దంతం, డెంట్, టూత్. దశ, డెసి, టెన్. సంస్కృతం, లాటిన్ 'ప' దగ్గర ఇంగ్లిష్‌లో 'ఫ', 'ద' దగ్గర 'ట'. ఇది ఏదో ఒక మాటలో జరిగింది కాదు, వరసగా జరిగిందని యాకోబ్ గ్రిమ్ 1822లో సూత్రంగా చెప్పాడు. జానపద కథలు పోగుచేసిన ఇద్దరు గ్రిమ్ సోదరుల్లో పెద్దవాడు ఈయనే.

ఇక్కడ ఒక బ్రేకు వేయాలి. 'ఇంగ్లిష్ అంతా సంస్కృతం నుంచే పుట్టింది' అని ఫోన్లలో ఫార్వర్డ్‌లు తిరుగుతుంటాయి. సంస్కృతం, లాటిన్, గ్రీకు అక్కచెల్లెళ్లు. ఎవరూ ఎవరికీ తల్లి కాదు. తెలుగు ఈ కుటుంబంలోది అసలే కాదు, ద్రావిడ భాష. చుట్టరికం తెలుగులో చేరిన సంస్కృత పదాలకే కానీ పన్నుకూ కన్నుకూ లేదు. పోలిక కనిపించిన చోటల్లా చుట్టరికం ఉండదు కూడా. దేవుణ్ణి లాటిన్‌లో డేయుస్ అంటారు, గ్రీకులో థేయోస్ అంటారు. అర్థం ఒకటే, ధ్వనీ దగ్గరే, కానీ రెండింటికీ సంబంధం లేదు. డేయుస్‌కు చుట్టం మన దేవ శబ్దం. గ్రీకు థేయోస్ వేరే ఇంటిది.

ముక్కలు తెలిసీ మోసపోవడం

'ఇన్' కు రెండు మొహాలు: లోపలికి అనీ, కాదు అనీ. ఇన్‌ఫ్లేమబుల్ అంటే మండనిది అనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అది లోపల మంట రాజుకునేది, తేలిగ్గా అంటుకునేది. ఈ ప్రమాదం చూసే ఇప్పుడు హెచ్చరికల మీద ఫ్లేమబుల్ అని రాస్తున్నారు. రెంటికీ ఒకే అర్థం. ఇన్‌వాల్యుబుల్‌లో ఇన్ నిజంగా కాదు అనేదే, అయినా ఆ మాటకు విలువలేనిది అని కాదు అర్థం. అమూల్యం అన్నప్పుడు మనం వెల లేనిది అని ఎందుకు అనుకోమో, అదీ అందుకే.

యాంటీ గ్రీకు, వ్యతిరేకం: యాంటీబయాటిక్. యాంటె లాటిన్, ముందు: యాంటెనేటల్, అంటే కాన్పుకు ముందు. పోనీ స్పెల్లింగ్ చూసి విడదీద్దామంటే యాంటిసిపేట్ అడ్డం వస్తుంది. చూడ్డానికి యాంటీ, నిజానికి యాంటె. హోమో సేపియన్స్‌లో హోమో లాటిన్, మనిషి. హోమోజీనియస్‌లో హోమో గ్రీకు, ఒకేలాంటిది. కిలో, మిల్లీ రెండూ వెయ్యే! ఫ్రాన్స్‌లో 1795లో మెట్రిక్ కొలతలకు చట్టం చేసినప్పుడు, హెచ్చవేతలకు గ్రీకు, భాగహారాలకు లాటిన్ అని పంచేశారు. అందుకే కిలోమీటర్ వెయ్యి మీటర్లు, మిల్లీమీటర్ మీటర్‌లో వెయ్యో వంతు.

ఎక్కడ విడదీయాలో తెలియకపోయినా చిక్కే. హెలికాప్టర్‌ను అందరం హెలి, కాప్టర్ అని విరుస్తాం. హెలిప్యాడ్ అనే మాట ఆ విరుపులోంచే పుట్టింది. 1861లో ఫ్రెంచివాడు పోంతోం దామెకూర్ ఈ పేరు కట్టినప్పుడు అది హెలికో, ప్టెర్: మెలి తిరిగే రెక్క. ఆ ప్టెర్, మన పత్రం చుట్టాలే. సంస్కృతంలో పత్రానికి ఆకుతో పాటు రెక్క అనే అర్థమూ ఉంది. టెలివిజన్‌లో టెలి గ్రీకు, విజన్ లాటిన్. సంస్కృత పదానికీ తెలుగు పదానికీ ముడిపెడితే వైరి సమాసం అని మన పండితులు ముఖం చిట్లించినట్టే, దీన్ని చూసి అక్కడి పండితులూ చిట్లించారు. ఆటోమొబైల్, సోషియాలజీ కూడా ఈ కులాంతర వివాహాలే. సుఖంగానే ఉన్నాయి.

పెట్టినవాడే పొరబడితే? ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లావోయిజియే 1777లో ఆక్సిజన్‌కు ఆ పేరు పెట్టింది ఆమ్లాలన్నిటినీ పుట్టించేది అదేనని నమ్మి. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజనే లేదని 1810 నాటికి ఇంగ్లిష్ రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ తేల్చాడు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. మనవాళ్లు దాన్ని ఆమ్లజని అని తెలుగు చేసి ఆ పొరపాటును కూడా భద్రంగా అనువదించారు. ప్రాణవాయువు అన్నదే నయం.

కాలం కూడా అర్థాన్ని నమిలేస్తుంది. నైస్ లాటిన్‌లో 'తెలియనివాడు' అనే మాట. మూర్ఖుడి నుంచి నసమనిషి మీదుగా మంచివాడి దాకా ప్రయాణించింది. మాన్యుఫాక్చర్ అంటే చేత్తో చేయడం, ఇప్పుడు చెయ్యి తగలకుండా చేస్తేనే ఆ మాట. ఆయిల్ వెనక గ్రీకు ఆలివ్ ఉంది, నూనె వెనక నువ్వు ఉంది, తైలం వెనక తిలలు ఉన్నాయి. ఇంజిన్ ఆయిల్‌లో ఆలివ్ లేదు, కొబ్బరి నూనెలో నువ్వులూ లేవు. మూడు భాషలూ ఒకే పని చేశాయి.

అందమైన కథ వినిపించినప్పుడు ఇంకా జాగ్రత్త. సిన్సియర్ అంటే 'మైనం లేనిది', పగుళ్లను మైనంతో కప్పని నిజాయితీ శిల్పి కథ అది, అని చెబుతారు. అది కట్టుకథ, సిన్సేరుస్ అంటే లాటిన్‌లో శుద్ధమైనది, అంతే. శాలరీలో ఉప్పు ఉన్న మాట నిజం. రోమన్ సైనికులకు జీతంగా ఉప్పు కొలిచి ఇచ్చేవారనడానికి మాత్రం ఆనాటి రచనల్లో ఆధారం లేదు.

మొన్న ఒక వ్యాసంలో 'పెరిపటెటిక్ టీచర్' అన్న మాట తగిలింది. ముందెప్పుడూ చూడలేదు. పెరి కనిపించింది, పెడ్ కాదు కదా అని రెండోసారి చూసుకున్నాను. పెరి అంటే పరి, చుట్టూ. పటెటిక్ తెలియలేదు. వాక్యం చూస్తే ఆ టీచర్ సోమవారం ఒక బడిలో, మంగళవారం ఇంకో బడిలో పాఠం చెబుతున్నాడు. డిక్షనరీ తీశాను: గ్రీకులో పటెయిన్ అంటే నడవడం, అరిస్టాటిల్ శిష్యులకు ఆ పేరు. చుట్టూ నడిచేవాడు. పరి, వ్రజ్ (వెళ్లడం). పరివ్రాజకుడు. ఈసారి పంతులు నిజంగానే కాలినడకన తిరిగేవాడయ్యాడు.